ఇద్దరి రంపం

మా కొత్త ఫ్లాట్ లిఫ్టులో ఆ రంపం పట్టలేదు. నిలబెడితే పైన తగిలింది, వాలిస్తే తలుపు మూసుకోలేదు. సామాను మోసే మనుషులు ఫ్రిజ్జునూ బీరువానూ, మా ఆయన ఒక్కనాడూ తొక్కని వ్యాయామం సైకిలునూ కూడా నోరెత్తకుండా పైకి చేర్చారు గానీ, ఈ పాత ఇనుప రేకును భుజాన వేసుకుని మెట్లెక్కమనేసరికి ముఖాలు ముడుచుకున్నారు. సందు దొరికింది కదా అని మా ఆయన, "పాత ఇనుము కొనేటోనికి ఇస్తే పోదా" అన్నాడు. ఇల్లు మారిన ప్రతిసారీ ఆయన ఈ మాట అంటాడు, ప్రతిసారీ నేను వినిపించుకోను. చివరికి ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుని బయల్దేరాం. రెండో అంతస్తు దాటాక మా అడుగులు కుదరక రంపం నడుమ వంగి, మళ్లీ సాగి, సన్నగా మోగింది. ఆ మోత విని చాలా ఏళ్లయింది. నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. మా ఆయన రంపాన్ని గోడకు ఆనించి, పక్కనే నిలబడ్డాడు.

అది చేయెత్తి నిలబడ్డ మనిషంత పొడవుంటుంది. రెండు కొసలా రెండు పిడులు. ఒక్కరు వాడే వస్తువు కాదు. మొద్దును గుంజల మీదికి ఎత్తి, ఒకరు పైన, ఒకరు కింద నిలబడి, ఒకరు లాగుతుంటే ఒకరు వదులుతూ పలకలు కోయడానికి చేసింది. కింది పిడి మా బాపుది, పై పిడి మా చిన్నబాపుది. బాపు పేరు వీరాచారి, ఆయన తమ్ముడు సోమాచారి. ఇబ్రహీంపట్నంలో మాది వడ్ల ఇల్లు, వడ్రంగం మా ఇంటి పని. చుట్టుపక్కల ఊళ్ల నాగళ్లు, ఎడ్లబండ్లు, దర్వాజలు చేసిన చేతులు వాళ్లిద్దరివి. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే పిల్లను. చిన్నబాపుకు సంతానం లేదు కాబట్టి రెండు కాపురాల గారాబమూ నా మీదే పడేది, రెండు కాపురాల చిల్లర పనులూ నాకే తగిలేవి. నేను చెప్పబోయేది నాగళ్ల రోజుల సంగతి కాదు. అవి అప్పటికే వెళ్లిపోతున్నాయి. డిగ్రీ పూర్తిచేసి, టీచరు పోస్టుల కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తూ నేను ఇంట్లో కూర్చున్న ఆ కొన్నేళ్ల సంగతి. నగరం సాగర్ రోడ్డు పట్టుకుని మా మీదికి నడిచి వస్తున్న కాలమది.

మా ఇంట్లో అమాస నాడు పనిముట్టు కట్టెను తాకేది కాదు. ఆ రోజు వాటికి తలంటు. పొద్దున్నే అమ్మ వాకిలి ఊడ్చి, ఉతికిన పాత దుప్పటి పరిచేది. అన్నదమ్ములిద్దరూ ఎవరి పెట్టె వారు తెచ్చుకుని బాడిశలు, ఉలులు, చిత్రిక పట్టే రందలు ఒక్కొక్కటే దుప్పటి మీద పెట్టేవారు. ఒకే కంచంలో తినే మనుషులు, ఒకరి ఉలి ఇంకొకరు ముట్టేవారు కాదు. సానరాయి మీద నీళ్లు చిలకరించి ఉలి తిప్పుతుంటే నల్లటి బురద కారేది. తుప్పు చుక్క కనబడితే చింతపండు పులుసు రాసి, ఇటుకపొడి అద్ది, కొబ్బరి పీచుతో తోమేవారు. పిడి వదులైన ఉలికి అమ్మ పొయ్యి మీద లక్క కరిగించి ఇచ్చేది, ఉలి తోకను అందులో ముంచి పిడిలోకి దిగ్గొట్టేవారు. అన్నిటికీ చివర ఆముదం. అమ్మ పాత చీరల ముక్కలన్నీ ఆ ఆముదంలో నానినవే. "ఈ ఇంట్ల నా నెత్తికి దొరకని ఆముదం ఇనుముకు దొరుకుతది" అని అమ్మ గొణిగేది. "నీ నెత్తికి తుప్పు వడ్తదా వదినె" అనేవాడు చిన్నబాపు తల ఎత్తకుండానే. లక్క, ఆముదం, తడిసిన రాయి, ఈ మూడు వాసనలూ కలిస్తేనే నాకు అమాస. ఇప్పుడు క్యాలెండరులో ఆ నల్లచుక్క చూసినా ముక్కు ఊరికే వెతుక్కుంటుంది.

అన్నీ అయ్యాక రంపం వంతు వచ్చేది. రెండు చెక్కల నడుమ దాన్ని పండ్లు పైకి ఉండేలా బిగించి, ఇటుపక్క బాపు, అటుపక్క చిన్నబాపు ఎదురెదురుగా కూర్చునేవారు. రంపం పండ్లు ఒకటి ఇటు వాలితే పక్కది అటు వాలి ఉంటుంది. ఇటు వరుస బాపు, అటు వరుస చిన్నబాపు ఆకురాయితో రాసి పదును పెట్టేవారు. ఈ ఏర్పాటు మా తాత పెట్టింది. ఒక్క మనిషే రెండు పక్కలా రాస్తే ఒక వరుస ఎక్కువా ఒక వరుస తక్కువా అరుగుతుందని, అట్లాంటి రంపం గీత మీద నిలవక ఒక పక్కకు లాగుతుందని ఆయన చెప్పేవాడట. రాయడం ముగిశాక సూది ఆట. అమ్మ కుట్టుసూదిని రెండు వరుసల నడుమ ఉండే సన్నని కాలువలో పెట్టి, ఒక కొస కొంచెం ఎత్తితే, అది పండ్ల మధ్య జారుకుంటూ అవతలి కొస దాకా రావాలి. రెండు వరుసలూ సమంగా ఉంటేనే వస్తుంది. లేకుంటే పొట్టిగా ఉన్న పక్కకు ఒరిగి కింద పడిపోతుంది. సూది వదిలేది నేను, అవతలి కొసన అరచేయి పట్టేది చిన్నబాపు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ సూది దారిలో పడగా నేను చూడలేదు. పెద్దదాన్నై, డిగ్రీ చదివి కూడా ఆ ఆట నాకు విసుగు పుట్టలేదు.

కోత రోజున చిన్నబాపు మొద్దు మీద నిలబడేవాడు. గీత చూసి రంపాన్ని నడిపేది పైవాడే. బొగ్గు నీళ్లలో ముంచిన దారాన్ని మొద్దు మీద బిగించి కొడితే నల్లటి గీత పడుతుంది కదా, దాని మీద వెంట్రుకవాసి తప్పకుండా దిగేది ఆయన కోత. కింద నిలబడ్డవాడికి గీత కనబడదు, కళ్లల్లో పొట్టు మాత్రం పడుతుంది. పెద్దవాడు పైన ఉండాలి, చిన్నవాడు కింద ఉండాలి అన్నది వడ్లవాళ్ల లెక్క. బాపు ఆ లెక్కను తిరగేసి, తానే కింద నిలబడ్డాడు. తమ్ముడి కన్ను మంచిది, దాన్లో పొట్టు పడొద్దు అనేవాడు. అసలు తమ్ముడి విషయంలో బాపు తీరే అంత. చిన్నప్పుడు చిన్నబాపు తాత ఉలి కొన విరగ్గొడితే, విరగ్గొట్టింది నేనే అని బాపు దెబ్బలు తిన్నాడట. పెద్దయ్యాక కూడా ఏ దర్వాజకో కొలత తప్పితే, "నేనే తప్పు చెప్పిన" అని ఇంటివాళ్ల ముందు తల వంచేవాడు. చిన్నబాపు పక్కన నిలబడి నవ్వుకునేవాడు. అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ అలవాటు ఒకనాడు ఇద్దరికీ అడ్డం వస్తుందని మాకు అప్పుడు తెలియదు.

ముందు రంగు రాళ్లు వచ్చాయి. జొన్న చేన్లలో తెల్లవీ పచ్చవీ హద్దురాళ్లు మొలిచాయి, ఎక్కడికీ పోని మట్టిరోడ్ల ముందు పెద్ద పెద్ద కమాన్లు లేచాయి. తరువాత ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. ఒక్కో కాలేజీకి ఎన్ని తలుపులో అని బాపు మొదట సంబరపడ్డాడు. ఆ తలుపులన్నీ నగరం నుంచి లారీలో ఒకదాని మీద ఒకటి అట్టల్లా పేర్చుకుని వచ్చాయి. కోత మిల్లు మా వీధి చివరికే వచ్చింది. ఎడ్లు అమ్ముకున్న ఇంట్లో బండి ఎవరికి కావాలి, పొలం అమ్ముకున్నవాడికి నాగలి ఎందుకు. నెలల తరబడి మా వాకిట్లో కోత గుంజలు ఖాళీగా నిలబడ్డాయి. ఒకనాడు అన్నం తింటూ చిన్నబాపు అన్నాడు.

"అన్నా, గీ రంపం ఇంకెన్నొద్దులు గుంజుతం? మిషన్ల ఏస్తే చాయ్ తాగెలోపు కోసి ఇస్తున్నరు."

"మిషన్ కోస్తది. కట్టె మొకం చూస్తదారా?" అన్నాడు బాపు.

"చూడుమని అడిగెటోడు ఏడున్నడే?"

ఆ నెలలోనే చిన్నబాపు ప్లాట్లు అమ్మేవాళ్ల దగ్గర కుదిరాడు. జీపులో జనాన్ని తీసుకొచ్చి, ఎండలో గొడుగు పట్టి, ఇక్కడ పార్కు వస్తది, ఇక్కడ బడి వస్తది అని చూపించే పని. మాట తియ్యన కాబట్టి బాగానే కలిసొచ్చింది. చిన్నమ్మను తీసుకుని హయత్‌నగర్‌లో అద్దెకు దిగాడు. వెళ్లేరోజు బాపు ఆయన పనిముట్ల పెట్టె ఆటోలో పెట్టబోతే వద్దన్నాడు. "ఈడనే ఉండనియ్ అన్నా. మల్ల రానా ఏంది" అన్నాడు. మనం గడప దాటుతూ వంద మాటలు అంటాం, అన్నవాళ్లకు కూడా గుర్తుండవు. బాపు మాత్రం ఆ ఒక్క మాటను పట్టుకున్నాడు. ఆనాటి నుంచి బాపుకు కావలసింది ఒక్కటే, తమ్ముడు తిరిగొచ్చి పై పిడి పట్టుకోవాలి. వచ్చేనాటికి అన్నీ సిద్ధంగా ఉండాలి.

ఆ ఏడు వానలకు మా పెంకుల కప్పు ఒకచోట కారింది. ఆ చోటు కిందనే చిన్నబాపు పెట్టె ఉందని ఎవరూ గమనించలేదు. తెరిచేసరికి ఉలులన్నీ ఒకదానికొకటి తుప్పుతో అతుక్కుని ఉన్నాయి. రంద దుంగ ఉబ్బి, నోరు మూసుకుపోయింది. బాడిశ పిడిని చెదలు తినేశాయి, ముట్టుకుంటే పొడి రాలింది. బాపు చాలాసేపు దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒకరి పనిముట్టు ఒకరు ముట్టని ఇల్లు మాది. చివరికి రెండు చేతులూ జోడించి, "సోమా, ముట్టుకుంటున్న, ఏమనుకోకు" అని ఎదురుగా మనిషి ఉన్నట్టు చెప్పి పని మొదలుపెట్టాడు. అది చూసి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో ఏడుపుకో ఇప్పటికీ నాకు తెలియదు.

నా జీవితంలో నేను బాపు పక్కన కూర్చుని పనిచేసింది ఆ కొన్ని వారాలే. ఉలులను మట్టికుండలో చింతపండు పులుసు పోసి నానబెట్టాం. తొందరపడి గీకితే ఇనుముకు గుంటలు పడతాయని, తుప్పు దానంతట అది వదిలేదాకా ఆగమనేవాడు. తీసి కడిగి, ఇటుకపొడితో తోమి, పొయ్యి పక్కన ఆరబెట్టి, సాన మీద పట్టాం. వీధి చివరి మిల్లువాడు దయతలచి, కరెంటు చక్రం మీద పెడితే చిటికెలో తెల్లబడతాయి తెమ్మన్నాడు. చక్రం వేడికి అంచు నీలిరంగు తిరిగి మెత్తబడిపోతుందని బాపు ఇవ్వలేదు. రందను నీడలో ఆరనిచ్చి, అడుగు చిత్రికపట్టి సమం చేశాడు. పైన చిన్నబాపు బొటనవేలు అరగదీసిన గుంట ఒకటుండేది. నునుపు చేద్దామా అని నేను అడిగితే కోప్పడ్డాడు. "అది ఆని వేలు. దాన్నెట్ల చెక్కుతవ్?" అన్నాడు. బాడిశకు కొత్త పిడి తుమ్మకట్టెతో చేశాడు. కొలతకు తమ్ముడు లేడు. కళ్లు మూసుకుని గాలిలో తమ్ముడి ముంజేయిని పట్టుకున్నట్టు రెండు చేతులు ఎడంగా పెట్టి, "గింత" అన్నాడు. నేను దారంతో ఆ ఎడం కొలిచి ఇచ్చాను. ఇదంతా పిచ్చి అని ఆ వయసులో కూడా నాకు తెలుసు. అయినా ఆ రోజుల్లో మా ఇంట్లో ఆశ అంటూ ఉన్నది ఆ పెట్టె ఒక్కటే, దాని పక్కన కూర్చుంటే నాకు కూడా కాస్త ధైర్యంగా ఉండేది.

అట్లా ప్రతి అమాసకూ రెండు పెట్టెలకూ బాపు ఒక్కడే తలంటేవాడు. రంపానికి కూడా. ఇటు వరుస రాశాక, లేచి అటు వెళ్లి, తమ్ముడి ఆకురాయి తీసుకుని, తమ్ముడి చోట కూర్చుని అటు వరుస రాసేవాడు. తాత చెప్పిన మాట ఆయనకు తెలియక కాదు. రంపం మొద్దుబారి ఉంటే తమ్ముడు వచ్చిననాడు ఏ ముఖం పెట్టుకుని ఇవ్వాలి అన్నది ఆయన ఆరాటం. సూది మాత్రం ఎప్పుడూ అడగలేదు. అవతల పట్టే చేయి లేని ఆట ఆడబుద్ధి కాలేదేమో. నాకూ అడగాలనిపించలేదు.

ఉన్నట్టుండి ఒకనాడు ప్లాట్లు కొనేవాళ్లు మాయమయ్యారు. ఎందుకో మాకేమీ అర్థం కాలేదు. రంగు రాళ్ల మధ్య గడ్డి పెరిగింది, జీపు ఆగిపోయింది, చిన్నబాపు పనిచేసే ఆఫీసుకు తాళం పడింది. కొన్నాళ్లు పరువు కోసం హయత్‌నగర్‌లోనే ఏదో చేస్తున్నానని చెప్పుకుని తిరిగాడు. సరిగ్గా అప్పుడే కోటేశ్వరమ్మ గారు వచ్చారు. గుంటూరు వైపు నుంచి వచ్చి హయత్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర వాళ్లు కట్టుకుంటున్న ఇంటికోసం పెద్ద వేపచెట్టు కొట్టించారు. చుట్టూ పక్కవాళ్ల ప్రహరీలు లేచిపోయి ఉండడంతో మొద్దును బయటికి తీసే దారి లేదు, మిల్లుకు పంపే వీల్లేదు. ఉన్నచోటే చేత్తో కోసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడుగుతూ అడుగుతూ మా గుమ్మం ముందుకు వచ్చారామె.

"ఇంటికోసం చెట్టును పడగొట్టాం కదండీ, మనసొప్పడం లేదు. దాంతోనే ఒక ఉయ్యాల బల్ల చేయించి నడవాలో వేసుకోవాలని నా కోరిక. మీరు చేయగలరాండీ?"

"చేస్తం తల్లీ. ఇద్దరున్నం" అన్నాడు బాపు. ఆ రెండో మాట ఆయన ఎంత గట్టిగా అన్నాడో నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

కబురు పంపితే చిన్నబాపు వచ్చాడు. మనిషి లావెక్కాడు, జుట్టుకు రంగు వేశాడు. పెట్టె తెరిచి ఒక్కో ఉలినీ వెలుగులో తిప్పి చూశాడు. రంద మీద గుంటలో బొటనవేలు పెట్టాడు. బాడిశ ఎత్తి ఒక్కసారి ఊపి, పిడి వైపు చూసి, అన్న వైపు చూశాడు. "నాకు తెల్వకుంట నా చెయ్యి కొలిచినవా ఏందే" అన్నాడు. బాపు నేల చూస్తూ నవ్వాడు. ఆ పూట అమ్మ ఎప్పుడో దాచిన నెయ్యి తీసి వడ్డించింది. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. ఇక ఏ ఫికరూ లేదు అనుకున్నాను.

వేప మొద్దును గుంజల మీదికి ఎక్కించి, దారం కొట్టి, చిన్నబాపు పైకెక్కాడు. నేను మంచినీళ్ల బిందె తీసుకుని వెళ్లి అక్కడే ఉన్నాను. మొదటి లాగుళ్లు కుదరడానికి కొంతసేపు పట్టింది, తరువాత ఆ మోత మొదలైంది. పచ్చి వేపపొట్టు చేదువాసన గాలినిండా పరుచుకుంది. కింద బాపు కళ్లు మూసుకుని లాగుతున్నాడు, ముఖమంతా పొట్టు, పెదవుల మీద నవ్వు. పైన చిన్నబాపు ముఖం మాత్రం మెల్లగా మారడం నేను చూశాను. రంపం గీత దిగి పక్కకు పోతోంది. ఆయన పిడిని బలంగా ఇటు నొక్కాడు. కొంచెం దారికి వచ్చినట్టే వచ్చి మళ్లీ అటే పోయింది. కాలు మార్చి నిలబడ్డాడు, చొక్కా విప్పాడు, చెమట తుడుచుకున్నాడు. ఏం చేసినా అదే దారి.

"ఆపన్నా" అన్నాడు.

బాపుకు వినబడలేదో, ఆపబుద్ధి కాలేదో, ఇంకొక లాగు లాగాడు.

"ఆపుమంటున్న గద. దారం తప్పింది."

పలక ఒక కొస మందంగా, ఒక కొస పల్చగా వచ్చింది. ఉయ్యాలకు పనికిరాదు. కోటేశ్వరమ్మ గారు మంచి మనిషి, చేత్తో పలకను నిమిరి, "పర్లేదండి, రెండు పీటలు చేయించుకుంటాను" అన్నారు. ఆ పరవాలేదు అన్న మాటే చిన్నబాపును చంపింది. మొద్దు మీద నుంచి దిగి, రెండు అరచేతులూ ముందు పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాడు. "గొడుగు వట్టిన చెయ్యి గదనే. పోయింది" అన్నాడు. "దారం నేనే వంకరగ కొట్టిన" అన్నాడు బాపు. దారం వంకరగా కొట్టడం ఎవరికీ సాధ్యం కాదు, దారమంటేనే తిన్నటి గీత. చిన్నబాపు నవ్వలేదు కూడా. ఇంటికొచ్చి ఒక్కో పనిముట్టుకూ తానే ఆముదం రాసి, పెట్టెలో సర్ది, మూత పెట్టాడు. "ఎవలన్న పని వచ్చినోనికియ్యి అన్నా" అని చెప్పి చివరి బస్సుకు ముందే వెళ్లిపోయాడు.

తరువాతి అమాసకు బాపు రంపాన్ని బిగించి, ఆకురాయి మాత్రం పక్కన పెట్టేశాడు. "బిడ్డా, అమ్మ సూది తే" అన్నాడు. తెచ్చి కాలువలో పెట్టి వదిలాను. జానెడు దూరం పోయిందో లేదో, ఒరిగి చిన్నబాపు పక్కకు పడిపోయింది. మళ్లీ వదిలాను, మళ్లీ అటే పడింది. బాపు వేలి కొనతో అవతలి వరుసను మొదటి నుంచి చివరి దాకా తడిమాడు. ఎప్పుడూ ఇటుపక్కనే రాసిన చేయి, అటు కూర్చునేసరికి ఎక్కువ అరగదీసింది. తమ్ముడి కోసం అమాస అమాసకూ రాసిన రాతే తమ్ముడి కోతను దారి తప్పించింది. "తప్పు నాది" అన్నాడు బాపు. ఆయన నోట ఎన్నోసార్లు విన్న మాటే అది. ఈసారి మాత్రం నిజమని సూది చెబుతోంది. ఆయన ముఖంలో మాత్రం ఏదో వెలుగు వచ్చింది. తమ్ముడి చేయి పోలేదు కదా, అది చాలు ఆయనకు. తెల్లారే ఇద్దరం బస్సెక్కాం.

అప్పటికి చిన్నబాపు ఒక కాలేజీ గేటు దగ్గర కాపలా పనిలో చేరాడు. నీలం చొక్కా, భుజాన బిళ్ల, చేతిలో విజిల్. బాపు గేటు ఇవతల నుంచే మొదలుపెట్టాడు.

"సోమా, నీ చెయ్యికేం గాలేదురా. రంపం తప్పింది. రెండు దిక్కుల నేనే రాసిన, నీ దిక్కు పొట్టివడ్డది."

చిన్నబాపు ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. "నువ్వు రాసిన రంపం తప్పుతదానే? జర నమ్మేటట్టు చెప్పు."

"నిజం చిన్నబాపు, సూది పడ్డది. నేనే ఇడిసిన" అన్నాను.

"వదినె సూది వంకరుంటది బిడ్డా" అని నా తల నిమిరాడు.

"నీ మీద ఒట్టురా" అన్నాడు బాపు.

"ఒట్లెందుకన్నా. మన నాయిన ఉలి ఇరిగిననాడు గూడ గిట్లనే ఒట్టు వెట్టినవ్. దెబ్బలు తిన్నవ్. నాకోసం నువ్వు ఏమన్న చెప్తవ్, నాకెర్కలేదా." ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కోపం లేదు, ప్రేమే ఉంది. "రంపం గురించి నీకు ఎర్క. నా చెయ్యి గురించి నాకెర్క." ఇంతలో కారు వచ్చి హారన్ కొడితే గేటు తీయడానికి లేచాడు. బాపు స్టూలు మీద అట్లాగే కూర్చున్నాడు. ఆయన జీవితమంతా తమ్ముడికోసం ఆడిన అబద్ధాలన్నీ కలిసి ఆ ఒక్క నిజాన్ని నమ్మకుండా చేశాయి. అది చూస్తూ నిలబడడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు.

ఆ తరువాత కూడా బాపు అమాసలు మానలేదు. రంపాన్ని బిగించి, ఇటు వరుస ఒక్కటే రాసేవాడు. అవతల తమ్ముడి ఆకురాయిని నేల మీద పెట్టి ఉంచేవాడు, లేచి అటు మాత్రం వెళ్లేవాడు కాదు. చిన్నబాపు పండుగకో పబ్బానికో వచ్చినా వాకిట్లోకి చూపు తిప్పకుండా లోపలికి వెళ్లిపోయేవాడు. కొన్నేళ్లకు చిన్నబాపు గుండె ఆగి పోయాడు. ఆ నెల అమాసకు కూడా బాపు ఇటు వరుస రాశాడు, అటు ఆకురాయి పెట్టాడు. అమ్మ చూడలేక తీసేయబోతే చేయి పట్టుకుని ఆపాడు. తన చేతులు లేచినన్నాళ్లూ అట్లాగే చేశాడు. బాపు తరువాత పెట్టెలు ఎవరైనా పనివాడికిద్దామని నేను చాలామందిని అడిగాను. అందరి దగ్గరా మిషన్లున్నాయి, మొహమాటానికి ఒక ఉలి తీసుకున్నవాళ్లు కూడా లేరు. పోయిన ఏడు రెండు పెట్టెలూ ఒక హోటలువాళ్లు గోడ అలంకారానికి పట్టుకుపోయారు. విజయవాడ రోడ్డు మీద వెళ్తుంటే అద్దంలో నుంచి చిన్నబాపు రంద కనబడుతుంది, వార్నిషు పూసి మెరుస్తూ ఉంటుంది. బొటనవేలి గుంటను మైనంతో పూడ్చేశారు.

రంపం మాత్రం ఇవ్వలేదు. ఇప్పుడది మా ఫ్లాటులో వాషింగ్ మెషిన్ వెనక నిలబడి ఉంది. ఇల్లు సర్దడానికి వచ్చిన మనిషి దాన్ని చూసి, "మేడమ్, సోఫా మీద గోడకు పెడ్తే మస్తుంటది. ఒక దిక్కు పండ్లు మొద్దువడ్డయి గని, గ్రైండర్ వట్టి రెండు సమానం చేయిస్త" అన్నాడు. అటుపక్క ముట్టొద్దని చెప్పాను. ఎందుకని అతను అడగలేదు. మొన్న అమాసకు బయటికి తీసి ఆముదం రాశాను. ఆముదం పూయడం వరకే నాకు వచ్చు. పండ్లు రాయడం రాదు, వచ్చినా అవతల కూర్చునేవాళ్లు లేరు.